అతుకులక్క, ఎడమకు జరిగిన బెల్టు

గింజలెత్తే బెల్టును మొదటిసారి తిప్పిన రోజున ఒక బఠాణీ గింజ విత్తనాల పెద్దాయన నోట్లోకి వెళ్లింది. ఆయన అప్పుడే "నా ఉద్దేశం ఏమిటంటే..." అని నోరు తెరిచి ఉన్నాడు. మర్యాదస్తుడు కనుక నలుగురిలో ఉమ్మలేదు. బుగ్గన పెట్టుకుని కాసేపు ఆలోచించి, పళ్ల మధ్య మెల్లగా నొక్కి చూశాడు.

మిగతా గింజలు అంత మర్యాదగా నడుచుకోలేదు. నిలువుగా నిలబెట్టిన రేకు పెట్టె పైనుంచి ఎడమవైపుకు చిమ్మి పెరడంతా పరుచుకున్నాయి. మోటారు ఆపుదామని పరిగెత్తిన అతుకులక్క తమ్ముడు స్విచ్చును చేరుకున్నాడు, దాటాడు, ఎదుటి గోడదాకా వెళ్లి ఆగాడు. అతన్ని పట్టుకోబోయిన బావగారు, అంటే అతుకులక్క భర్త, సగం దారిలోనే కూర్చున్నారు. కూర్చోవాలని ఆయనకు ముందుగా ఉద్దేశమేమీ లేదు. చివరికి ప్లగ్గు పీకింది అతుకులక్క. పాదం ఎత్తకుండా, నేల తుడుస్తున్నట్టు జరుపుకుంటూ వెళ్లి పీకింది.

"గింజైతే పగల్లేదు," అన్నాడు పెద్దాయన, నోట్లోది అరచేతిలోకి తీసుకుని.

ఆ రోజుకు అదొక్కటే శుభవార్త.

అంత ఖరీదైన శుభవార్త వాళ్లకెందుకు అవసరమయిందో చెప్పాలి. తమ్ముడికి ఒక కోత మిషను ఉంది. అది పంట కోసి, నూర్చి, శుభ్రమైన గింజను అడుగున పోగేస్తుంది. అక్కణ్ణుంచి పైనున్న తొట్టిలోకి గింజ ఎక్కడానికి ఒక గొట్టం, గొట్టంలో గిర్రున తిరిగే ఇనుప మర. గోధుమలకు ఆ మరతో పేచీ లేదు. ఎండిన బఠాణీ మాత్రం మరకూ గొట్టానికీ మధ్య నలిగి రెండు బద్దలైపోతుంది. పప్పుకైతే బద్దలే కావాలి. విత్తనానికి వేస్తే బద్ద మొలవదు. ఆ చుట్టుపక్కల పండేదేమో ఎక్కువగా విత్తనపు బఠాణీ.

"నీది కోత మిషనా, తిరగలా?" అని రైతులు తమ్ముణ్ణి ఆటపట్టించడం మొదలుపెట్టారు. ముందు నవ్వుతూ అన్నారు. తర్వాత నవ్వడం మానేసి వేరే మిషన్లను పిలిచారు. ఇక ఈసారి కూడా చేలు దొరక్కపోతే మిషను అమ్మేసి దూరపు లారీ నడపడానికి పోతానని తమ్ముడు ఇంట్లో చెప్పేశాడు. లారీ వాళ్లు ఫోను చేసి అడుగుతూనే ఉన్నారు. ఆ ఉద్యోగంలో మనిషి ఇంటికి చుట్టంలా వస్తాడు, చుట్టంలా పోతాడు.

అప్పుడే అతుకులక్క ఆ మరను పీకించి, దాని చోట బెల్టు పెడదామంది. బెల్టుకు మెత్తటి రబ్బరు కప్పులు వరసగా బిగిస్తే, అవి కిందికి దిగి, గింజను నింపుకుని, పైకెక్కి, తొట్టిలో ఒంపి మళ్లీ దిగుతాయి. నలపడం, రుద్దడం ఉండవు. మిషను పక్కన బోల్టులతో తగిలించుకోవచ్చు, అవసరం లేనప్పుడు ఊడదీసుకోవచ్చు. పెట్టె పని భర్తది, ఆయన రేకుల మేస్త్రి. బెల్టు పని తనది. విత్తనాల పెద్దాయనకు అందరికంటే ఎక్కువ చేలున్నాయి. ఆయన సోమవారం తన చేలో చూస్తానన్నాడు. గింజ పగలకపోతే మిగతా చేలన్నీ ఈ మిషనుకే. పగిలితే వేరే మిషనువాడు సిద్ధంగా ఉన్నాడు.

*

అతుకులక్క అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. వాళ్ల నాన్న పెట్టెలు, సంచులు బాగుచేసేవాడు. దారం అందించే వయసులోనే ఆయన నేర్పిన పాఠం ఒకటుంది: "అతుకు చూసేవాడికి కనిపించకూడదమ్మా. ఉందని సంచికి మాత్రం తెలియాలి." ఒకసారి పిండిమర బెల్టు తెగి, అతికేవాడు ఊళ్లో లేక, మరవాడు తల పట్టుకుని కూర్చుంటే, ఈవిడ సంచులు కుట్టే సూదితోనే దాన్ని కుట్టిచ్చింది. ఆ కుట్టు బెల్టు కంటే ఎక్కువ కాలం బతికింది. అప్పటి నుంచి సంచులు పోయి బెల్టులొచ్చాయి. సూది పక్కన రబ్బరును కరిగించి అతికే వేడి ప్రెస్సు చేరింది. "అతుకులక్క" అని ఎవరో వెక్కిరింపుగా మొదలుపెట్టిన పేరును ఆవిడ షట్టరు మీద పెద్దక్షరాలతో రాయించుకుంది. వెక్కిరించేవాళ్లకు ఆ పని తప్పించింది.

బెల్టు కనిపిస్తే ఆవిడకు ఒళ్లు తెలియదు. ఒకసారి విమానాశ్రయంలో సామాన్లొచ్చే బెల్టు దగ్గర నిలబడి, దాని అతుకు ఎక్కడుందో చూద్దామని కళ్లప్పగించింది. సొంత సూట్‌కేసు కళ్లముందు నుంచే వెళ్లింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి ఎవరిదో అనుకుని సిబ్బంది లోపలికి మోసుకుపోయారు. అతుకు మాత్రం దొరికింది. "బాగానే వేశారు," అని ఇంటికొచ్చి సంతోషంగా చెప్పింది, సూట్‌కేసు లేకుండా.

షాపు ఒక్కటే గది. పొడవాటి బల్ల, ప్రెస్సు, కాలిన రబ్బరు వాసన, గడియ ఊడి గాలికి కొట్టుకునే కిటికీ. బల్ల పైన గోడకు సుద్దతో రాసిన సూత్రం: "పనిముట్టు పనికే." టీ కొట్టతను మంచుగడ్డ పగలగొట్టడానికి స్పానరు పట్టుకెళితే, వీధి చివరిదాకా వెంటపడి లాక్కొచ్చిన మనిషి ఆవిడ.

*

పెరట్లో గింజలు ఊడ్చుకున్నాక గొడవ ఎక్కడుందో వెతకడం మొదలైంది. బెల్టు ఎడమకు జరుగుతోంది. జరిగి పెట్టె అంచును రాసుకుంటోంది. కప్పులు అంచుకు తగిలి గింజను బయటికి విసిరేస్తున్నాయి. అంతవరకు అందరికీ కనిపిస్తూనే ఉంది.

రేకుల మేస్త్రి రోజుకు నాలుగు మాటలకు మించి ఖర్చుపెట్టే మనిషి కాదు. ఆ రోజు వాటా మొత్తం ఒక్కసారే వాడేశాడు.

"అతుకు పైకొచ్చినప్పుడే పక్కకు జరుగుతోంది," అన్నాడు.

"నా అతుకులో వంకరా?" అంది అతుకులక్క. ఆ గొంతు విని టీ కొట్టతను కూడా గ్లాసు దించాడు. "మీ పెట్టె వంకరేమో చూసుకోండి."

ఆయన తాడుకు గుండు కట్టి వేలాడదీసి చూశాడు. పెట్టె నిటారుగానే ఉంది. ఆ మాట నోటితో అనలేదు. గుండును అలాగే వేలాడనిచ్చి వెళ్లిపోయాడు.

ఆవిడ కింది రోలరు మరలు బిగించింది. బెల్టు కాసేపు బుద్ధిగా తిరిగి, పుట్టిల్లు గుర్తొచ్చినదానిలా మళ్లీ ఎడమ దారి పట్టింది. ఇంకాస్త బిగించింది. ఇంకాస్త బుద్ధి, మళ్లీ ఎడమ. ఇలా ఆదివారం వచ్చింది. తమ్ముడు ఫోను మోగినప్పుడల్లా వీధిలోకి వెళ్లి మాట్లాడుతున్నాడు.

మధ్యాహ్నం మరదలు, అంటే తమ్ముడి భార్య, వచ్చింది. ఈ అమ్మాయి మంచిదే. కాకపోతే ఫిర్యాదు లేకుండా గడప దాటదు. ఎండ ఎక్కువైందనో, పాలు పల్చబడ్డాయనో, పక్కింటి పిల్లి తనను చులకనగా చూస్తోందనో, ఏదో ఒకటి వెంట తెచ్చుకుంటుంది. అదీ పై వీధికి వినిపించేంత గొంతుతో.

"వదినా, పనిలో ఉన్నారా?"

అతుకులక్క రేకు పెట్టె కింద వెల్లకిలా పడుకుని ఉంది. "లేదు. ఇక్కడ చల్లగా ఉందని పడుకున్నా."

"మళ్లీ అదే సంగతని కోప్పడకండి. వంటగట్టు మీదకని మీరు కోసిచ్చిన రబ్బరు షీటు లేదూ, దానికీ గోడకీ మధ్య సందులో చెంచాలు పడిపోతున్నాయి."

"మీ గోడ వంకరని చెప్పాను కదటే."

"గోడ కట్టిన మేస్త్రిని పిలిపించాం. ఆ మూలలో తన మూలమట్టం పెట్టి చూశాడు. మూల సరిగ్గానే ఉందట. తను కట్టిన గోడను వంకరన్న మనిషెవరో పేరు చెప్పమన్నాడు."

"చెప్పావా?"

"ఇంటి పరువు మనమే తీసుకుంటామా? మీ తమ్ముడి పేరు చెప్పాను."

పెట్టె కింద నవ్వు వినిపించింది. తర్వాత ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"సందు ఏ పక్క?"

"ఎడమ పక్క. ముందు సన్నంగా మొదలై, పోనుపోను వెడల్పు."

అతుకులక్క మెల్లగా పాక్కుంటూ బయటికొచ్చింది. షీటు వానలు వెలిశాక కోసింది. బెల్టూ ఆ తర్వాతే కోసింది. రెండూ ఒకే మూలమట్టంతో. లోపలికి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. వెనకే వెళ్లిన మరదలు కూడా చూసింది. రెండు ఇనుప పలకలు కొసలు కలిపి బిగించినట్టుండే ఆ మూలమట్టం, కిటికీ కొట్టుకోకుండా చట్రంలో ఇరికించి ఉంది. వానాకాలం నుంచీ అది చేస్తున్న ఉద్యోగం అదే. గాలి విసిరినప్పుడల్లా కిటికీ రెక్క దాన్ని గుద్దుతోంది. రబ్బరు కోయాల్సినప్పుడు తీయడం, అయ్యాక మళ్లీ ఇరికించడం.

మరదలు గోడ మీది సూత్రాన్ని పైకి చదవబోయింది. "పనిముట్టు ప..."

"నోరు మూసుకుని సుద్దముక్క ఇలా ఇవ్వు."

బల్ల అంచుకు మూలమట్టం ఆనించి ఒక గీత గీసింది. దాన్ని బోర్లా తిప్పి, అదే చోట మళ్లీ గీసింది. సరైన మూలమట్టమైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఇవి ఒకేచోట బయలుదేరి, దారిలో మనసు విరిగినట్టు విడిపోయాయి. కొసన చీమ దూరేంత సందు.

అతుకులక్క ఆ సందును చాలాసేపు చూసింది. ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో రేకుల మేస్త్రి నిలబడి ఉన్నాడు. నేను ముందే చెప్పలేదా అనవచ్చు. అలా అనే హక్కును ఆయన చక్కగా సంపాదించుకున్నాడు.

"టీ తాగుతావా?" అన్నాడు.

"తర్వాత. ముందు మంచి మూలమట్టం ఒకటి కావాలి." ఆదివారం హార్డ్‌వేరు షాపులన్నీ మూసి ఉంటాయి. అది అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఊళ్లో నిఖార్సైన మూలమట్టం ఎవరి దగ్గరుందో కూడా అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

గోడ మేస్త్రి పక్క వీధిలో పరంజా మీద ఉన్నాడు. అతుకులక్క కింద నిలబడి అడిగింది.

"మీ దగ్గర లేదా?" అన్నాడు ఆయన, దిగకుండానే.

"ఉంది. వంకర."

"మరి ఆ గోడ?"

"నిటారుగానే ఉంది."

"కాస్త గట్టిగా చెప్పండి. అవతల పనివాళ్లకు వినపడలేదు."

"గోడ నిటారుగా ఉంది మేస్త్రీ!" అని అరిచింది అతుకులక్క. వీధంతా విన్నది. ఆయన మూలమట్టాన్ని గుడ్డతో తుడిచి మరీ అందించాడు.

*

బెల్టును పాత అతుకు దగ్గర కోసి, కొసలు మళ్లీ సరిగ్గా కత్తిరించాలి. రెండో కొస పట్టుకోవడానికి మరదలు కూర్చుంది. చాలాసేపు ఏ ఫిర్యాదూ రాలేదు. అతుకులక్కకు భయం వేసింది.

"ఏమైందే?"

"రేపు గింజ పగిలితే లారీ వాళ్లకు మాట ఇచ్చేస్తారట." గొంతు ఆ అమ్మాయిదేనా అన్నంత చిన్నగా ఉంది. "ఆ చెంచాల గొడవ ఎందుకు పట్టుకున్నానంటే వదినా, ఏదో ఒకటి మాట్లాడకపోతే ఆ మాటే నోట్లోంచి వచ్చేస్తుంది."

అతుకులక్క కత్తి ఆపింది. ఏమైనా అనాలి. ఇలాంటప్పుడు ఆవిడకు మాటలు అతకవు.

"గట్టిగా పట్టుకో," అంది. "చెయ్యి కదిలితే నీ చెంచాల సందు ఇందులోకి వస్తుంది."

మరదలు ముక్కు ఎగబీల్చి, గట్టిగా పట్టుకుంది.

ప్రెస్సు వేడెక్కింది. అతుకు పడింది. కాస్త పొట్టిదైన బెల్టు కోసం కింది రోలరును పైకి జరిపారు. పొద్దు వాలకముందే మోటారు వేశారు. రేకుల మేస్త్రి బెల్టు అంచు మీద కన్ను పెట్టి కూర్చున్నాడు. అతుకు పైకొచ్చింది, దిగింది. మళ్లీ వచ్చింది. బెల్టు నడిమధ్యన, గీత గీసినట్టు తిరుగుతోంది. మేస్త్రి అప్పుడు వెళ్లి టీ తెచ్చాడు, అందరికీ.

సోమవారం చేలో పెద్దాయన తొట్టిలోంచి దోసెడు గింజలు తీసి తెల్లగుడ్డ మీద పోశాడు. పగిలినవి ఏరడానికి కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు ఇంజను ఆపి, దిగకుండా, స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. పెద్దాయనకు రెండో మూడో దొరికాయి. వెలుగుకు పట్టి చూస్తే అవి పురుగు తిన్నవి. మళ్లీ దోసెడు తీశాడు. చివరికి ఒక గింజ నోట్లో వేసుకుని నొక్కి చూశాడు.

"నా ఉద్దేశం ఏమిటంటే..." అని మొదలుపెట్టి, ఎందుకైనా మంచిదని రేకు పెట్టె పైభాగాన్ని ఒకసారి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మిగతా చేలు కూడా మీరే కోసెయ్యండి."

ఆ సాయంత్రం లారీ వాళ్లు ఫోను చేశారు. తమ్ముడు వీధిలోకి వెళ్లకుండా, అందరి ముందే, రాలేనని చెప్పాడు.

కోతలు ముమ్మరంగా సాగుతుండగా మరదలు ఒకరోజు షాపుకు వచ్చింది. కిటికీకి కొత్త గడియ ఉంది. గోడ మీది సూత్రం కింద, ఎవరు రాశారో గానీ, "ఈ మాట అక్కకు కూడా" అని చేరింది. వంటగట్టు మీదికి కొత్త షీటు వెళ్లింది. చెంచాలు పడటం లేదు. కాబట్టి ఫిర్యాదేముంటుందా అని అతుకులక్క ఆసక్తిగా చూసింది.

"మీ బెల్టు బొత్తిగా చప్పుడు చెయ్యదు వదినా," అంది మరదలు, పై వీధికి వినిపించేలా. "ఆ పాత మర గడగడలాడుతుంటే తిరుగుతోందని తెలిసేది. ఇప్పుడు తిరుగుతోందో ఆగిందో తెలియక మీ తమ్ముడు మాటిమాటికీ దిగి చూసుకుంటున్నారు. చప్పుడు లేకపోతే ఆయనకు తోచడం లేదట!"

అతుకులక్క సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది:

"పక్క సీటు ఖాళీగానే ఉందిగా మరదలా, వెళ్లి నువ్వు కూర్చో."