చెప్పులతో స్టేజీ ఎక్కిన కృష్ణకాంత్

తెనాలి మొత్తంలో కృష్ణకాంత్ కంటే పిరికివాళ్లు ఇద్దరే ఉండేవారనీ, ఒకనాడు ఆ ఇద్దరూ స్టేషన్లో ఎదురుపడి, ఒకరిని చూసి ఒకరు జడుసుకుని చెరో రైలెక్కి పోయారనీ, అప్పటినుంచీ ఆ పేరు కృష్ణకాంత్ ఒక్కడికే మిగిలిందనీ బోసు రోడ్డులో చెప్పుకుంటారు. అందులో నిజమెంతో రైల్వేవాళ్లకే తెలియాలి. బల్లి గోడమీద కదిలితే అతను మంచంమీద కదలడు. మీటరు రీడింగుకి వచ్చిన మనిషికి కూడా లేచి నిలబడి నమస్కారం పెడతాడు. వయసు నలభై ఆరు. కుళాయిలూ ప్లాస్టిక్ పైపులూ అమ్మే చిన్న దుకాణం. వేమూరు దగ్గర మూడెకరాల మాగాణి.

ఇంత భయస్థుడు బేస్ గిటారు ఎందుకు పట్టాడంటే, అదీ భయం చేతనే. పాటలంటే ప్రాణం, నలుగురూ తనకేసి చూస్తే మాత్రం కాళ్లు వణుకుతాయి. ఆర్కెస్ట్రాలో ఎవరూ చూడని మనిషి ఎవరా అని ముప్పై ఎనిమిదో ఏట వెతికి వెతికి, వెనకాల నిలబడి దుం దుం అనిపించే బేసు ఆటగాణ్ణి కనిపెట్టాడు. విజయవాడలో పాత గిటారు ఒకటి కొన్నాడు. దాంతోపాటు అంటగట్టిన యాంప్లిఫయరు రుబ్బురోలంత బరువు. దాన్ని ఎత్తినప్పుడల్లా అతని నడుములోంచి వచ్చే చప్పుడుకి ఎదురింటి కుక్క అరిచేదట.

గిటారు చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "రెండు తీగలు తక్కువున్నాయేంటండీ, తగ్గింపులో వచ్చిందా?" దీనికి నాలుగే ఉంటాయని మొదటి రెండేళ్లు చెప్పాడు. తర్వాత అవునండి అనేయడం నేర్చుకున్నాడు. బాపట్లలో కార్యక్రమాలు ఎక్కువ. ఆ సముద్రపు గాలికి తీగలు చిలుమెక్కి గొంతు పోయేవి. తీగల్ని నీళ్లలో మరగబెడితే మళ్లీ మోగుతాయని ఫోన్లో ఎవరో చెబితే చారు గిన్నెలో వేసి మరగబెట్టాడు. నిజంగానే మోగాయి. భార్య నీరజ బడిపంతులమ్మ. ఆవిడ ఆ పూట అదే గిన్నెలో చారు కాచి, వడ్డిస్తూ, "శ్రుతి కుదిరిందో లేదో చూసి చెప్పండి" అంది.

అతను వాయించే ఆర్కెస్ట్రా వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారిది. తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి, డెబ్భై ఒకటి నిండాయి. వయసులో ఉండగా పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఇప్పుడు పక్కన కీబోర్డు కూడా పెట్టుకున్నారు. మాస్టారికి ఉన్నది ఒకటే నియమం: స్టేజీమీదికి చెప్పులతో ఎవరూ ఎక్కకూడదు. అది అమ్మవారి ఒడి. ఒకసారి బూట్లతో మైకు ముందుకొచ్చిన పెళ్లికొడుకునే కిందికి దింపి, బూట్లు విప్పించి, కాళ్లు కడిగించి మళ్లీ ఎక్కించారు. పెళ్లి ముహూర్తం దాటిపోయినా ఒప్పుకునేవారు కాదని అంటారు. ఆ ఆర్కెస్ట్రాలో చోటుకోసం కృష్ణకాంత్ మూడేళ్లు తిరిగాడు. అతని బతుకులో భయపడుతూనే వదలకుండా పట్టుకున్నది అదొక్కటే.

భయపడవలసిన చోట భయపడకపోవడం కూడా అతనికి ఒక్కసారే జరిగింది. ఆ మధ్య ఒక నిశ్చితార్థంలో కరెంటు బోర్డుకి రెండేసి బెజ్జాలే ఉన్నాయి. యాంప్లిఫయరు ప్లగ్గుకి మూడు కాళ్లు. సౌండూ లైటింగూ చూసుకునే శివరామయ్య కటింగ్ ప్లేయరు తీసి మూడో కాలు పుటుక్కున విరిచేశాడు. ఏమీ కాదు కదా అని కృష్ణకాంత్ అడిగాడు.

"మూడోది అందానికండి," అన్నాడు శివరామయ్య. "మనిషికి రెండు కాళ్లు చాలట్లా?"

మాస్టారు అప్పటికే రెండుసార్లు గడియారం చూశారు. కృష్ణకాంత్ తలూపాడు.

దాని ఫలితం బాపట్లలో తెలిసింది. కల్యాణ మండపంలో, చేతులు తీగలమీద ఉండగా, వెనకనుంచి చరణానికి వంత పాడబోయి పెదవిని మైకుకి ఆనించాడు. ఎవరో మూతిమీద సుత్తితో కొట్టినట్టయింది. పళ్లు గణగణలాడాయి. ఆ దెబ్బకి మీసం మూడు రోజులు నిక్కబొడుచుకునే ఉందనీ, నాలుగో రోజున నూనె రాస్తే గానీ లొంగలేదనీ బాపట్ల వాళ్లు చెబుతారు. పాట మధ్యలో ఆగినందుకు మాస్టారు అడిగితే, చరణం మర్చిపోయానన్నాడు. షాకు అంటే పిరికివాడంటారని భయం.

ఆ రాత్రి నుంచి గిటారు ముట్టుకోవాలంటే వేళ్లు ముడుచుకుపోయాయి. చివరికి రేడియోలు బాగుచేసే హనుమయ్య దగ్గరికి పోయి తలుపు దగ్గరగా వేసి అంతా చెప్పాడు. హనుమయ్య ప్లగ్గుని తిప్పి తిప్పి చూశాడు. పెట్టెలో దారి తప్పిన కరెంటు మట్టిలోకి దిగిపోవడానికి ఉన్న దారే ఆ మూడో కాలని, ఆ దారి మూసేస్తే అది లోపలే కాచుకుని కూర్చుంటుందని, తడి కాళ్లతో ఎవడు చెయ్యి వేస్తే వాడిలోంచి దిగుతుందని చెప్పాడు.

"ఆ కాలు విరిచారుగా," అన్నాడు కళ్లజోడు పైకి తోసి. "ఇప్పుడా మూడో కాలు నువ్వే."

హనుమయ్య కొత్త ప్లగ్గు బిగించి ఇచ్చాడు. హోల్డరుకి రెండు తీగలు తగిలించిన టెస్టు బల్బు కూడా ఒకటిచ్చి, ఎక్కడికి పోయినా ముందు దీంతో చూసుకోమన్నాడు. రెండు కొసలూ ఎలా పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో రెండుసార్లు చేసి చూపించాడు. కృష్ణకాంత్ దాన్ని తువ్వాలులో చుట్టి, పసిపిల్లను మోసినట్టు మోసుకు తిరిగాడు.

రెండు వారాలకు రేపల్లె శివార్లలో ఒక రిసెప్షను వచ్చింది. సామానంతా శివరామయ్య వ్యానులో పొద్దున్నే పోయింది. మధ్యాహ్నం రైల్లో కృష్ణకాంత్ బయల్దేరాడు. భట్టిప్రోలు దాటగానే వాన పట్టుకుంది. దిగేసరికి వెలిసింది గానీ, దిగినప్పటినుంచి అతని గుండె ఒక లయలో కొట్టుకోవడం లేదు.

వరి చేను పక్కన పందిరి. ఇనప గొట్టాలతో స్టేజీ, కాళ్లు జానెడు లోతున బురదలోకి దిగి ఉన్నాయి. పైన ఇనప రేకులు, వాటిమీద తడిసి ముద్దయిన ఎర్ర తివాచీ. యాంప్లిఫయరు వ్యానులో పరదా చిరుగు కింద కూర్చుని వచ్చినట్టుంది, ఒక మూలనుంచి నీళ్లు కారుతున్నాయి. శివరామయ్య దాన్ని స్టేజీమీద ప్లాస్టిక్ క్రేటుపైన పెట్టి, స్విచ్చి వేసి, గిటారుకి గుచ్చే పొడుగాటి వైరు కిందికి వదిలాడు.

అందరూ ఎక్కి సిద్ధంగా ఉన్నారు. కృష్ణకాంత్ కింద నిలబడే వైరు గిటారుకి గుచ్చాడు. యాంప్లిఫయరు తేనెపట్టులా రొద పెట్టింది. చూపుడు వేలు కొసతో తీగను తాకాడు. రొద ఆగిపోయింది.

"అదీ," అన్నారు మాస్టారు పైనుంచి, తృప్తిగా. "మనవాడి చెయ్యి పడితే చాలు."

కృష్ణకాంత్ వేలినుంచి మోచేతిదాకా ఎర్రచీమలు బారులు తీరి పాకాయి. తటాలున చెయ్యి తీశాడు. మళ్లీ రొద. గిటారుని ప్లాస్టిక్ కుర్చీలో పడుకోబెట్టి స్టేజీ వెనక మూలనున్న బోర్డు వైపు చూశాడు. అదే రెండు బెజ్జాల బోర్డు. ప్లగ్గు చక్కగా అమిరి ఉంది. స్టేజీ కిందికి వంగి చూస్తే, హనుమయ్య బిగించిన కొత్త ప్లగ్గు మూడో కాలు, ఇత్తడిది, తళతళా మెరుస్తూ గడ్డిలో పడి ఉంది.

ఇప్పుడు ఆ చీమలు బాపట్ల సుత్తిగా మారకుండా ఆపుతున్నవి కాళ్లకున్న హవాయి చెప్పులు మాత్రమే.

జనరేటరు దగ్గరున్న శివరామయ్య దగ్గరికి పోయి సంగతి చెప్పాడు. కరెంటు పోతే తిడతారు, ఉంటే జడుసుకుంటారు, మీతో ఎట్టాగండి బాబూ అని అతను నవ్వి, ఈ బోర్డుతో పదేళ్లుగా పెళ్లిళ్లు చేయిస్తున్నానన్నాడు. అక్కడినుంచి కృష్ణకాంత్ స్టేజీ దగ్గరికి వచ్చి మాస్టారికి చెప్పబోయాడు. చెప్పింది సగమే బయటికొచ్చింది.

"ఏవయ్యా కృష్ణకాంతూ," అన్నారు మాస్టారు. "పెళ్లివారు వచ్చి కూర్చున్నారు. చెప్పులు విప్పి పైకి రా. భయమైతే రాకు. నీ దుం దుం నేను ఎడమ చేత్తో కీబోర్డుమీద వాయించుకుంటా. ఇవాళే కాదు, ఇక ముందూ వాయించుకుంటా."

బేసు ఆటగాడికి అంతకంటే భయంకరమైన మాట లేదు. కృష్ణకాంత్ ఎడమ చెప్పు విప్పాడు. పాదం తడి గడ్డికి రెండంగుళాల ఎత్తున ఆగిపోయింది. దించలేడు, ఎత్తలేడు. చేలో కొంగలా ఒంటికాలిమీద నిలబడిపోయాడు. చూసినవాళ్లు నవ్వారు.

అప్పుడు హైమావతి ముందుకొచ్చింది. రేపల్లెలోనే అంగన్‌వాడీ టీచరు, ఆర్కెస్ట్రాలో పాడేది ఆ అమ్మాయే. పాడేటప్పుడు ఎప్పుడూ కృష్ణకాంత్ పక్కనే నిలబడుతుంది. వట్టి కాళ్లు, వేళ్ల సందుల్లో తివాచీ నీళ్లు పొంగుతున్నాయి. అతను గిటారు మొయ్యలేక ఆగాడనుకుంది.

"గిటారు ఇటు ఇవ్వండన్నయ్యా, నేను పట్టుకుంటా," అంటూ స్టేజీ అంచున కూర్చుని, ఎడమ చేత్తో ఇనప గొట్టం పట్టుకుని, కుడి చెయ్యి కుర్చీలో గిటారు తీగలమీదికి చాచింది.

ఆగమ్మా అందామనుకున్నాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఆమె గాజులు తీగలకు బెత్తెడు దూరంలోకి వచ్చాయి. కృష్ణకాంత్ ఎడమ కాలు చెప్పులోకి దూర్చి, కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. కుర్చీ, గిటారు కలిసి బురదలో పడ్డాయి. హైమావతి బిత్తరపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను ఆగలేదు. రెండు మెట్లు ఒక అంగలో దాటి, టపటపమనే చెప్పులతో, తివాచీమీద బురద అడుగులు వేసుకుంటూ, మాస్టారి హార్మోనియం ముందునుంచే పోయి, భుజాన సంచిలోంచి తువ్వాలు తీసి ప్లగ్గుకి చుట్టి లాగేశాడు.

రొద ఆగింది. పందిరిలో పిల్లల గోల కూడా ఆగింది. మాస్టారు తివాచీమీది అడుగుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, చివరికి చెప్పుల దగ్గర ఆగారు.

"దిగు," అన్నారు. అంతే అన్నారు.

కృష్ణకాంత్ దిగలేదు. దిగడానికి కాళ్లు లేవట, ఉన్నవి రెండూ వేరే ఎవరివో అయినట్టు ఊగుతున్నాయట. సంచిలోంచి టెస్టు బల్బు తీశాడు. అందర్నీ దిగమని చేతులతో సైగ చేశాడు. ఏమనుకున్నారో, మాస్టారే ముందు దిగారు. మిగతావాళ్లు ఆయన వెనకే. శివరామయ్యని ప్లగ్గు మళ్లీ పెట్టమన్నాడు. గిటారునుంచి ఊడిన వైరు కొస లోహానికి బల్బు వైరొకటి, స్టేజీ ఇనప గొట్టానికి రెండోదీ, హనుమయ్య చూపించినట్టే ఆనించాడు.

మబ్బు పట్టిన సాయంత్రంలో బల్బు భగ్గున వెలిగింది. పెళ్లికూతురి ముఖంలో నత్తు కూడా మెరిసిందని తర్వాత చెప్పుకున్నారు.

శివరామయ్య ఎవరూ చెప్పకుండానే ప్లగ్గు పీకేశాడు. హైమావతి తన కుడి అరచేతిని తిప్పి చూసుకుని, కొంగులో చుట్టుకుంది.

"బాపట్లలో చరణం మర్చిపోలేదు మాస్టారూ," అన్నాడు కృష్ణకాంత్, అప్పటికి గొంతు వచ్చి. "ఆ కాలు విరుస్తుంటే తలూపింది నేనే. తర్వాతైనా చెప్పాల్సింది. భయమేసి చెప్పలేదు."

మాస్టారు యాంప్లిఫయరు వైపు వేలు చూపించారు. ఆ పెట్టె వ్యానులోకి పోయింది. మైకుల బోర్డుని బల్బుతో మూడు చోట్ల చూసి, వెలగలేదనీ, అంటే కరెంటు దారి తప్పడం లేదనీ తేలాక, పెళ్లివారి ఇంట్లోంచి పొడి చెక్కబల్లలు తెప్పించి తివాచీమీద పరిచారు. అవి వచ్చేదాకా పాట లేదన్నారు మాస్టారు. పెళ్లికొడుకు తండ్రి గడియారం చూశాడు. మాస్టారు చూడలేదు.

బల్లలు పరిచాక అందరూ ఎక్కారు. కృష్ణకాంత్ గిటారుకి అంటిన బురద తుడిచి, పెట్టె లేదు కాబట్టి తనకు పని లేదనుకుని కిందే నిలబడ్డాడు. ఎడమ చేత్తో వాయించుకుంటానన్న మాట అలాగే ఉంది.

"ఏం, పిలవాలా?" అన్నారు మాస్టారు. "నువ్వు పక్కన లేకపోతే అమ్మాయికి పాట సాగదు. వినపడకపోతే పోయింది, వాయించు."

కృష్ణకాంత్ మెట్టు దగ్గర చెప్పులు విప్పడానికి వంగాడు.

"నువ్వు విప్పకు," అన్నారు మాస్టారు, ఇటు చూడకుండా.

ఆ సాయంత్రం రెండు గంటలపాటు అతను ఏ వైరూ తగిలించని గిటారుని వాయించాడు. పక్కనున్న హైమావతికి తప్ప ఎవరికీ వినపడలేదు. అయినా భోజనాల దగ్గర పెళ్లికూతురి నాయనమ్మ రాఘవమ్మ అతని చెయ్యి పట్టుకుని, ఇన్ని పెళ్లిళ్లు చూశాను గానీ గిటారు ఇంత హాయిగా ఎప్పుడూ వినలేదు నాయనా అంది. అవునండి అన్నాడు.

అతనికి భయం తగ్గలేదు. తిరుగు రైల్లో వేమూరు దగ్గర మెరుపు మెరిస్తే కిటికీ దగ్గర్నుంచి లేచి, నిద్రపోతున్న ముసలాయన వెనక్కి పోయి కూర్చున్నాడు. కానీ ఆనాటినుంచి తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని, ఆ ఆర్కెస్ట్రా ఎక్కడికి పోయినా ముందు కృష్ణకాంత్ ఒక్కడే చెప్పులతో స్టేజీ ఎక్కుతాడు. బల్బు పట్టుకుని, దొంగ ఇంట్లో తిరిగినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ ప్రతి గొట్టాన్నీ ప్రతి బోర్డునూ చూస్తాడు. అతను తలూపేదాకా వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారు హార్మోనియం చంకన పెట్టుకుని, చెప్పులు విప్పేసి, కింద మట్టిలో వట్టి కాళ్లతో నిలబడి ఉంటారు.