అంచుకు అంచు కుట్టే లెక్క

మా మనుమరాలు లెక్కలల్ల పరిశోధన చేస్తది. ఏం పరిశోధన అని మా భవాని పేట్‌ల ఎవరన్న అడిగితే మా ముసల్ది "కుట్టుపని" అని చెప్తది. పూర్తిగ తప్పేం గాదు.

నాకు అక్షరాలు వచ్చింది మనుమలు పుట్టినంక. పిల్ల చెప్పిన దాంట్ల నాకు ఎక్కినంత రాస్తున్న. రెండు బట్టలు ఉన్నయనుకోవాలె. ఇస్త్రీకి లొంగని ముడతల బట్టలు. ఏ ముడత ఎక్కడ పడాల్నో ఎవరి చేతుల లేదు. వాటిని అంచుకు అంచు కుట్టి, కోణాలు చెడకుండ సాగదీసి పరిస్తే, కుట్టు వంకరటింకర గీతైతది. ఆ గీత ఎటు పోతదో ఎవరూ చెప్పలేరు. కాని ఫలానా చుక్కకు ఎడమ దిక్కు నుంచి పోయే సంభావ్యత ఎంతో ఒక సూత్రం ఖచ్చితంగ చెప్తది. భౌతికశాస్త్రం వాళ్లు ఆ సూత్రాన్ని ముందే ఊహించి పెట్టిన్రు, రుజువు మాత్రం చెయ్యలేదు. అది మా పిల్ల పని.

"ఎవరు కప్పుకుంటరు బిడ్డా ఆ బట్ట?" అని అడిగిన.

"ఎవరూ కప్పుకోరు తాతా."

"మరి నీకు జీతమెందుకు ఇస్తున్నరు?"

"నాకూ అదే అర్థమైతలేదు."

పోయిన ఎండకాలం పిల్ల ఇంటికొచ్చి సాయంత్రం దాక కాగితాలు తిరగేసుకుంట కూసున్నది. ఆఖరికి చెప్పింది. రుజువుల తప్పు దొరికిందట. కుట్టు పోయి బట్ట మూలకు తాకే కాడ ఒక మెట్టు నిలుస్తలేదు. నెలాఖరుకు థీసిస్ ఇయ్యాలె. ఇస్తే పట్టా, పట్టా చేతికొస్తే వేరే ఊర్ల కాలేజీ ఉద్యోగం.

"ఎవరన్న చూసిన్రా?"

"లేదు. నాకే దొరికింది. చదివేటోళ్లు ఆ పేజీ కాడ ఆగరేమో."

సాంచాలనే కరెంటు మగ్గాల మీద చద్దర్లు నేసి బతికినోనికి దీనికి జవాబు తయారుగనే ఉంటది. చద్దర్ల పోగు తెగి గీత పడితే దాన్ని దాగీ మాల్, మచ్చ సరుకని కొనేటోళ్లు పక్కకు పారేస్తరు. అట్ల పడొద్దంటే గీత లోపలికి, పువ్వు పైకి వచ్చేటట్టు మడత పెట్టాలె. మా గల్లీల ఇది అందరికీ వచ్చు. ఎవరూ సిగ్గుపడరు.

"మడతల వెయ్యి" అన్న.

ముసల్ది బీడీల చాట పక్కకు నూకింది. "మంచిగ చెప్పినవ్. చదువుకున్న పిల్లకు దొంగబుద్ధులు నేర్పు."

"దొంగబుద్ధి గాదే, మడత."

పిల్ల నవ్వలేదు. "తాతా, మీ చద్దరు కొన్నోడు కప్పుకొని పంటడు. మా రుజువును తీస్కున్నోడు దాని మీద ఇంకో బట్ట నేస్తడు. దాని మీద ఇంకొకడు నేస్తడు. ఆ గీత ఏడిదాక పోతదో చెప్పు."



పిల్ల లేచి వాకిట్లకు పోయి వాళ్ల సార్‌కు ఫోన్ చేసింది. పక్కింటి సాంచాల మోతకు వినపడక గట్టిగ ఒర్రింది. దాని తప్పు గల్లీ గల్లీ అంతా విన్నది. ఇంగ్లీషుల గాబట్టి ఇజ్జత్ పోలేదు.

"ఏమన్నడు సార్?"

"ఆ అధ్యాయం మళ్ల చెయ్యమన్నడు. పట్టా ఏడాది ఆగుతది."

"ఉద్యోగం?"

"అది ఆగదు."

ముసల్ది, "ఏడాది ఈడ్నే ఉంటవా మరి?" అని ఆశగ అడిగింది. ఉండదట, వాళ్ల సార్ కాడికే పోయి చెయ్యాలెనట. ముసల్ది మళ్ల బీడీలు చుట్టుకుంట కూసున్నది.

తెల్లారి కొంతం చౌక్ దాక పోయి రిక్షా ఎక్కించిన. పిల్ల ముఖం తేటగనే ఉన్నది. నాకే ఆ ఉద్యోగం మీద పాణం కొట్టుకున్నది. ఉండనీకె ఇల్లు కూడ ఇస్తమన్నరట.