సముద్రం అమ్మే గొంతు

తాతారావు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద సముద్రాన్ని అమ్మేవాడు. 1956లో భీమిలి నుంచి వచ్చి నాంపల్లిలో ఒక గదిలో దిగాడు. ఆదివారాలు పాత పుస్తకాల పక్కన గోనెపట్టా పరిచి, శంఖాలూ గవ్వలూ పేర్చి, "చెవిలో పెట్టుకోండి బాబూ, సముద్రం మాట్లాడుతుంది!" అని అరిచేవాడు. బస్సుల మోతలో కూడా ఆ గొంతు పోస్టాఫీసు మెట్ల దాకా నడిచి వెళ్లేది.

ఎండబెడితే గవ్వలు వెలిసిపోతున్నాయని అతని బెంగ. అందుకే 1974లో ఒకసారి, భీమిలిలోని బావమరిదికి కబురుపెట్టి, గవ్వల్ని సముద్రపు నీళ్ల డబ్బాలోనే తెప్పించుకున్నాడు. ఆదివారం పొద్దున్నే వలలాంటి గీతలున్న శంకు గవ్వనొకదాన్ని అరచేతిలోకి తీసుకుని, రంగు కోసం పైపొరను గోటితో గీకాడు. లోపల నత్త ఇంకా బతికే ఉంది. సన్నటి కొస నుంచి ఒక ముల్లు వచ్చి అరచేతిలో దిగింది. నొప్పి పెద్దగా లేదు. పెదవులు మొద్దుబారాయి, రెప్పలు వాలాయి, మాట ఆగిపోయింది. కాసేపటికి ఊపిరి కూడా.

దవాఖానలో డాక్టర్ ఇంద్రసేన రబ్బరు సంచి నొక్కుతూ అతనికి గాలి అందిస్తున్నాడు. తాతారావు భార్య శేషారత్నం డబ్బాతో సహా వచ్చింది.

"పోయాడా డాక్టరుబాబూ?"

"లేదమ్మా, గుండె ఆడుతున్నది. ఇసొంటి నత్త గురించి పుస్తకంల చదివిన. నరం చెప్తనే ఉన్నది, కండ వింటలేదు."

"అదెట్లా?"

"కండ మీద తలుపులుంటయి. నరం వదిలే రసం చావి లెక్క. నత్త విషంల చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలున్నయంటరు. అవి తాళం సందుల కూసొని, చావిని దూరనిస్తలేవు."

"మరి ఆ ముక్కలు లేవవా?"

"వాటంతట అవే లేస్తయి. గందాక ఊపిరి మనమియ్యాలె. జర పైలం, మన మాటలన్నీ వింటుంటడు."

"వింటున్నాడా!" ఆమె మంచం దగ్గరికి జరిగింది. "ఇన్నేళ్లూ నన్నొక్క ముక్క మాట్లాడనిచ్చాడా బాబూ? రంగు కావాలా నీకు, రంగు?"

వంగి, అతని అరుపునే అతని చెవిలో అంది. "చెవిలో పెట్టుకోండి బాబూ, సముద్రం మాట్లాడుతుంది!"

"ఏందమ్మా, ఇది దవాఖాననా, అబిడ్సా?" అంది నర్సు.

శేషారత్నం మానలేదు. సంచి కూడా ఆగలేదు. చేతులు మారుతూ సాయంత్రం దాకా ఉబ్బుతూ, నలుగుతూ ఉంది.

దీపాలు పెట్టే వేళకు కనురెప్ప కదిలింది. తర్వాత ఛాతీ సొంతంగా లేచింది. చాలాసేపటికి పెదవులు విడిపడ్డాయి. ఆమె చెవి ఒగ్గింది.

"గట్టిగా... అరవాలే," అన్నాడు.

అప్పట్నుంచి గోనెపట్టా మీద అరుపు ఆమెది. అతను పక్కన కూర్చుని, బాగా ఎండిన గవ్వలకు కొబ్బరినూనె రాసేవాడు. వెలిసిన రంగు కాస్త మెరిసేది.