సిద్దక్క నమ్మిన మాట

రూపనగుడిలో ఎవరి చేతికి నరం సులువుగా దొరుకుతుందో, ఎవరిది దోబూచులాడుతుందో యల్లేష్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. డెంగీతో మనిషి రోగనిరోధక శక్తి ఎట్లా పోరాడుతుందో తేల్చే పరిశోధన ఒకటి మూడేళ్లుగా ఆ ఊళ్లో నడుస్తోంది. ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసి, ఐసు పెట్టెలో బళ్లారికి చేర్చడం అతని పని. తల్లి పోయాక అతణ్ణి పెంచిన అక్క సిద్దక్కే అందరికన్నా ముందు చెయ్యి చాపింది. మొండికేసినవాళ్లను కూడా బతిమాలి కూర్చోబెట్టింది.

ఆమె రక్తంలో డెంగీ ఎప్పుడో వచ్చిపోయిన ఆనవాళ్లు కనిపించాయి. అక్క బెదిరిపోతే యల్లేష్ ధైర్యం చెప్పాడు.

"అమ్మవారు ఒకసారి పోసినోళ్లకి మళ్లా పోస్తాదా? ఇదీ అంతే అక్కా. నీ ఒళ్లు దాన్ని గుర్తు పెట్టుకోనుండాది."

అమ్మవారు పోసిన ఇంట్లో, ఇదివరకే వచ్చిపోయినవాళ్లనే సేవకు కూర్చోబెట్టే ఊరు అది. ఆ లెక్కే దీనికీ వేశాడు మహానుభావుడు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ, అంతే.

పోయిన శ్రావణంలో సిద్దక్కకు జ్వరం వచ్చింది. దేశనూరులో పనిమీదున్న తమ్ముడు ఫోన్ చేస్తే, "నాకు వచ్చిపోయింది కదప్పా, సుమ్నే, ఊరికే ఆస్పత్రికి యాల?" అంది. అతను ఊఁ కొట్టాడు. నాలుగో రోజు జ్వరం దిగితే మిరపచేలో కలుపుకు పోయింది. సాయంత్రానికి కడుపునొప్పి, వాంతులు. తెల్లారేసరికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఆస్పత్రి చేరాక రెండు గంటలు కూడా బతకలేదు.

పరిశోధన చూసే డాక్టరమ్మ తర్వాత అతనికి విడమరిచి చెప్పింది. డెంగీలో నాలుగు రకాలు. ఒక రకం మీదికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు, ఇంకో రకం వస్తే దాన్ని ఆపలేకపోగా, ఒక్కోసారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తాయి. జ్వరం దిగే రోజే గండం.

"నేనే చంపుకుంటిని మేడం," అన్నాడు యల్లేష్. ఆమె కాదన్న మాట అతని చెవికెక్కలేదు.

నెల తిరిగాక మళ్లీ పెట్టె పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. బసవ్వ ఇంట్లో మనవరాలు జ్వరంతో ముడుచుకుని పడుకునుంది.

"ఆస్పత్రికి తీస్కపోలేదా అవ్వా?"

"దీనికి పోయినేడే వచ్చిపోయిందప్పా. మళ్లా రాదని మీ అక్క వీధిలో అందరికీ చెప్పిండాది. మా తమ్ముడు చదివినోడు, వాడి మాట అబద్ధం కాదనింది. పాపం, ఆ కడుపునొప్పి రాకుంటే బతికుండేది."

యల్లేష్ పెట్టె కింద పెట్టి, పాపను భుజాన వేసుకున్నాడు.

"మా అక్క కడుపునొప్పితో పోలేదవ్వా. నా మాట నమ్మి పోయింది," అన్నాడు. "లెయ్, బండెక్కు."