పెద్దపొయ్యి ఉచ్చీరమ్మ

ఉచ్చీరమ్మను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టడమే నాటకం ఆడే ఆ పిల్లలు చేసిన మొదటి తప్పు. పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చునే మనిషి కాదు ఆమె. ఎమ్మిగనూరు పాత బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతుంది. తెల్లారకముందే లేచి బొరుగులు నానబెడుతుంది, పిండి కలుపుతుంది, తినడానికి వచ్చేవాళ్ళలో సగంమందిని ఏదో ఒకటి అంటుంది. అనిపించుకున్నవాళ్ళు మళ్ళీ రేపు వస్తారు. అలాంటి మనిషికి శాలువా కప్పి, మెడలో దండ వేసి, కదలకుండా నాటకం చూడమంటే ఎట్లా?

నాటకం పేరు రెండు పొయ్యిల ఇల్లు. ఒక మొగుడు, ఇద్దరు పెళ్ళాలు, ఇంట్లో రెండు పొయ్యిలు. పెద్దదాని దగ్గరికి పోతే చిన్నదాని దగ్గర తినే వచ్చుంటావులే అంటుంది. చిన్నదాని దగ్గరికి పోతే పెద్దదాని పేరు చెప్పి చెయ్యి కడిగేసుకుంటుంది. రెండు పొయ్యిలు భగభగ మండుతున్న ఇంట్లో ఆ మొగుడు ఆకలికి మాడిపోతుంటాడు. కథంతా ఇంతే. ఈ మాత్రం చూడ్డానికే ఒకప్పుడు ఎద్దుల బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. పెద్దపెళ్ళాన్ని పెద్దపొయ్యి అనేవాళ్ళు. ఆ పెద్దపొయ్యి ఉచ్చీరమ్మే.

ఆ వేషం ఆమెకు ఎవరూ పిలిచి ఇవ్వలేదు. ఆమె మొగుడు కాశప్ప ఆ నాటకానికి హార్మోనియం వాయించేవాడు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజులవి. గూడూరులో నాటకం పెట్టుకున్న రోజు పెద్దపొయ్యి వేసే మనిషికి గొంతు పోయింది. జట్టుకు వంట చేయడానికి వెంట వచ్చిన ఉచ్చీరమ్మ చేతిలోని గరిటెతోనే వేదిక ఎక్కింది. రెండో తరగతితో చదువు మానేసిన మనిషి. మాటలన్నీ ఆమెకు చెవుల్లోంచే ఎక్కాయి. ఆడమనిషి వేదిక ఎక్కడమా అని అత్త చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే మాట్లాడింది. ఇంట్లో తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

ఆ నాటకానికి ప్రాణం మధ్యలో వచ్చే ఒక ఘట్టం. పెద్దపొయ్యి గరిటె పట్టుకొని వేదిక అంచుకు వచ్చి, ఇట్లాంటి మొగుడు నాకొక్కదానికే అనుకుంటిరా, మీలోనూ ఉండారు అని, జనంలో కూర్చున్న ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి తిట్టాలి. దాన్ని పేరెత్తడం అంటారు. పేరెత్తించుకున్నవాళ్ళు లేచి నిలబడి చేతులు జోడించి, ఆమె కూర్చోమనేదాకా ఉండాలి. ఎదురు మాట అనకూడదు. ఒక ఊళ్ళో ఒక పెద్దరైతు అన్నాడు. ఉచ్చీరమ్మ గరిటె కింద పెట్టి, వేదిక దిగిపోయి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఆయన లేచి చేతులు జోడించేదాకా నాటకం సాగలేదు. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ ఎవరూ నోరు మెదపలేదు.

ఇంటింటికీ టీవీలు వచ్చి నాటకం ఆగిపోయింది. కాశప్ప పోయాడు. ఇన్నేళ్ళకు ఆదోని పిల్లవాడు రామకృష్ణ, బ్యాంకులో పనిచేస్తాడు, ఆ నాటకాన్ని మళ్ళీ లేపాడు. పెద్దపొయ్యి వేషం ప్రమీలకు ఇచ్చారు. ఆదోనిలో జాకెట్లు కుట్టే పిల్ల. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన గొంతు కాబట్టి మైకు లేకపోయినా వెనక వరసకు వినబడుతుంది. ఉచ్చీరమ్మ పిలవకుండానే రిహార్సల్సుకు పోయి, గరిటె ఎట్లా పట్టాలో, నడుము మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పి వచ్చింది. జనం ఎరిగిన పేరే ఎత్తాలి, ఎరగని పేరెత్తితే నవ్వు రాదని కూడా చెప్పింది. రామకృష్ణ అప్పుడే అడ్డం పడ్డాడు. ఈ కాలంలో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, పేర్లెత్తితే ఎవరో ఒకరు వీడియో తీసి ఊరంతా పంపిస్తారు, పార్టీలవాళ్ళు గొడవకొస్తారు, అందుకని ఆ ఘట్టం తీసేశామన్నాడు.

"పేరెత్తకుంటే అది పొయ్యి గాదు రామకిష్ణా. వట్టి పొగ," అని లేచి వచ్చేసింది ఆమె.

లేచి వచ్చింది కానీ మనసు అక్కడే ఉండిపోయింది. పేరెత్తినప్పుడు జనంలోంచి లేచే ఆ నవ్వు తనది. ఇల్లు అద్దెది, బండి పాతది, మొగుడు లేడు. ఆ నవ్వు మాత్రం ఎవరూ తీసుకుపోలేదనుకుంటూ వచ్చింది. ఆ ఘట్టం తీసేసినా, వేషంతో పాటు ఇప్పుడది ఆ ప్రమీలకు పోతుందా? పోవాలని ఉందో, పోకూడదని ఉందో ఆమెకే తెలియదు. అదే ఆమెను ఆ సాయంత్రం ఎమ్మిగనూరు హైస్కూలు మైదానంలో కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వలేదు.

జనం బాగానే వచ్చారు. మొదటి రంగం నుంచే నవ్వులు తప్పుదారి పట్టాయి. రెండు పొయ్యిల మొగుడు మీసం దువ్వుతూ, ఒక్కదాన్నే కట్టుకున్నవాడూ మగవాడేనా అని డాబు కొడితే, వెనకటికి మగవాళ్ళంతా ఈలలు వేసేవాళ్ళు. ఇప్పుడు కాలేజీ ఆడపిల్లలు ఒక మూల నుంచి ఊ... అని ఎగతాళిగా అరిచారు. వేషగాడు గతుక్కుమని తర్వాతి మాట మరిచిపోయాడు. దానికి అందరూ నవ్వారు. ఆకలికి వాడు ఖాళీ కుండ నాకే చోట పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకొని నవ్వితే, పిల్లలు ఫోన్లు చూసుకున్నారు. ఉచ్చీరమ్మ శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ కప్పుకుంది. లేచింది, కూర్చుంది. ప్రమీల ఒక్కో మాట అంటుంటే ఈమె పెదవులు ముందే కదులుతున్నాయి. వెనక కూర్చున్న పూలమ్మే హుసేనమ్మ ఆమె భుజం పొడిచి, అక్కా నువ్వు అడ్డం లేస్తే నాకు నాటకం కనపడదని గొణిగింది.

గరిటె పట్టుకొని ప్రమీల వేదిక అంచుకు వచ్చింది. పాతకాలపు వాళ్ళంతా మెడలు నిక్కించారు. కొందరు పైకండువాలు సర్దుకున్నారు కూడా. ప్రమీల ఇట్లాంటి మొగుడు నాకొక్కదానికేనా అని, చప్పున తిరిగి, చిన్నపొయ్యి మీద పాట అందుకుంది.

 పేరు ఏదీ అని ఒక ముసలాయన అరిచాడు. ఇంకొకరు పేరెత్తమన్నారు. మగవాళ్ళ వైపు నుంచి, ఆడవాళ్ళ వైపు నుంచి పేరు, పేరు అని ఒకటే గోల. హార్మోనియం ఆగింది. రామకృష్ణ తెర పక్క నుంచి చెయ్యి ఊపుతున్నాడు, కానివ్వమనో ఆపమనో ఎవరికీ అర్థం కాలేదు. ప్రమీల పాట మధ్యలో నిలబడిపోయింది.

ఉచ్చీరమ్మ లేచింది. ఈసారి కూర్చోవడానికి కాదు. శాలువా కుర్చీలో పడేసి వేదిక మెట్ల వైపు నడిచింది. గరిటె లాక్కొని ఆ ఘట్టమేదో తనే కానిచ్చేద్దామని. ఎవరి పేరెత్తాలో కూడా అనుకుంది.

"ఓ ఉచ్చీరమ్మా, ఆడనే నిలబడు."

మైకులోంచి వచ్చిన ఆ మాటకు ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ప్రమీల నడుము మీద చెయ్యి పెట్టుకొని ఆమెనే చూస్తోంది.

"నా మొగుడు రెండు పొయ్యిల నడాన నిలబడలేక సస్తాండాడు. నీదేందమ్మా, యా కుర్చీలో కూసున్నా కింద పొయ్యి పెట్టినట్ల లేస్తాండావు? కుర్చీ ఇస్తిమి, శాలువా ఇస్తిమి, నోరు మూసుకునేకి ఇంగేమియ్యల్ల? నేను అనకముందే నీ పెదాలు అంటాండాయి. ఈ జనం నన్ను సూడాల్నా, నీ నోరు సూడాల్నా? వేషం నాకిచ్చి మాటలు నీ కొంగున కట్టుకుంటే నేను ఈడ గరిటె పట్టుకోని ఏం కలపల్ల?"

మైదానమంతా విరగబడి నవ్వింది. ఫోన్లు చూసుకునే పిల్లలు కూడా తలెత్తి నవ్వారు. హుసేనమ్మ పూలగంప మీద వాలిపోయి నవ్వింది. ఉచ్చీరమ్మ నాలుక మీదికి జవాబు వచ్చి కూర్చుంది. ఆ పిల్ల కుట్టిన జాకెట్ల గురించి. ఒక్కమాట అంటే నవ్వు మొత్తం ఇటు తిరుగుతుంది, ప్రమీల మళ్ళీ ఏ వేదికా ఎక్కదు. ఆ సంగతి ఉచ్చీరమ్మకు తెలుసు, ప్రమీలకూ తెలుసు. ఆ పిల్ల గరిటె దించకుండా ఉచ్చీరమ్మ నోటివైపే చూస్తోంది.

ఉచ్చీరమ్మ చేతులు జోడించింది. దవడలు మాత్రం జొన్నరొట్టె నములుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. ప్రమీల వెంటనే కూర్చోమనలేదు. జనం నవ్వు అణిగి, మళ్ళీ లేచి, మళ్ళీ అణిగేదాకా ఊరుకుంది. అంతసేపు ఊరుకోవడం ఉచ్చీరమ్మకు ఏనాడూ చేతకాలేదు. తిట్టడం అయిపోతే తనే ముందు నవ్వేది.

"ఇంగ కూసో పెద్దమ్మా."

కూర్చుంది. మిగతా నాటకం ఏం జరిగిందని అడిగితే ఆమెకే తెలియదు.

మరుసటి రోజు నుంచి బజ్జీల బండి దగ్గర ఒకటే రద్దీ. తినడానికి వచ్చేవాళ్ళు కొందరు, ఆమె పీట కింద పొయ్యి ఉందా అని వంగి చూసేవాళ్ళు కొందరు. ఉచ్చీరమ్మ అందరినీ తిట్టింది. నూనెలో బజ్జీలు మాడ్చింది. ఆ పిల్లకు నోరు పెద్దదైందని, తన దగ్గర నేర్చి తన మీదే తిప్పిందని హుసేనమ్మ దగ్గర వాపోయింది. వాపోతూనే, మైదానంలో ఎవరెవరు నవ్వారో, ఏ మాటకు ఎక్కువ నవ్వారో అడిగి అడిగి చెప్పించుకుంది. హుసేనమ్మ చెప్పిందే చెప్పి విసిగిపోయి, పూలు వాడిపోతున్నాయని లేచి వెళ్ళింది.

రామకృష్ణ పేరెత్తడం మళ్ళీ నాటకంలో పెట్టేశాడట. తర్వాతి ఆట ఆదోనిలో, పత్తి మార్కెట్టు దగ్గరి షెడ్డులో. ఉచ్చీరమ్మ బంధువులను చూసి రావాలని చెప్పి బండి మూసి బస్సెక్కింది. షెడ్డులో అందరికంటే వెనక కూర్చుంది. ఎవరైనా చూస్తే తిట్టించుకోవడానికి వచ్చిందనుకుంటారు. ప్రమీల గరిటెతో అంచుకు వచ్చేసరికి ఉచ్చీరమ్మ చేతులు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి.

ప్రమీల పేరెత్తింది. శేషప్ప అని, రిటైరయిన కండక్టరు పేరు. బస్సు దిగినా ఇంట్లో పెళ్ళాన్ని కూడా రైట్ రైట్ అని తోసేస్తాడని. షెడ్డు రేకులు ఎగిరిపోయేట్టు నవ్వారు. ఉచ్చీరమ్మకు నవ్వు రాలేదు. ఆ మాటలో ఏముందో తెలియలేదు, శేషప్ప ఎవరో అసలే తెలియదు. చేతులు విడదీసి కొంగు కింద దాచుకుంది.

ఆట అయ్యాక తెర వెనక్కి పోయింది. ప్రమీల కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటోంది.

"ఏమ్మీ, ఎమ్మిగనూర్లో నా పేరు నోరార ఎత్తితివి. ఈడ ఎత్తలేదే."

ప్రమీల తుడుచుకోవడం ఆపింది. "ఈడ నిన్ను ఎవురు ఎరుగుదురు పెద్దమ్మా? ఎరగని పేరెత్తితే నవ్వు రాదని నువ్వే కదా సెప్పింది."

"ఆదోనిలో నేను ఎన్ని ఆటలు ఆడినానో నీకేం తెలుసు?"

"ఆడినావు. అప్పుడు సూసినోళ్ళు ఎంతమంది ఉండారు ఈడ? నేను జనాన్ని సూసుకోవల్ల కదా."

పిల్ల ఎగతాళికి అనలేదు. అందుకే ఉచ్చీరమ్మకు అది ఎక్కువ గుచ్చుకుంది. తెర గుడ్డ పట్టుకొని, తర్వాతి ఆట ఎక్కడని అడిగింది. ఆస్పరి అంది ప్రమీల.

"ఆస్పరిలో నన్ను ఎరుగుదురు."

"సూస్తాంలే పెద్దమ్మా."

ఆస్పరిలో ఉచ్చీరమ్మను ఎరిగినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. ఆట రోజు ఆమె పొద్దున బస్సుకే దిగింది. టీ అంగడిలో టీ తాగి, ఇది టీనా, పాత్ర కడిగిన నీళ్ళా అని అడిగి, ఎమ్మిగనూరు ఉచ్చీరమ్మకే ఇట్లాంటిది పోస్తావా అంది. కూరగాయలమ్మే ఆమెతో ముదిరిన బెండకాయల మీద పోట్లాడింది. ఎండ నెత్తికెక్కేసరికి బస్టాండులో, బియ్యం అంగట్లో, పిండి గిర్ని దగ్గర, అందరి దగ్గరా ఒకసారి నోరు పారేసుకుంది. ప్రతిచోటా పోట్లాట మధ్యలో తన పేరు తనే రెండుసార్లు చెప్పింది. మధ్యాహ్నానికి ఆస్పరిలో, ఎవరో ఎమ్మిగనూరు ఉచ్చీరమ్మంట, నోరు కాదది అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

సాయంత్రం ఆమె చాప పరుచుకొని అందరికంటే ముందు కూర్చుంది. చుట్టూ చేరిన జనం ఆమెను చూసి మోచేతులతో పొడుచుకున్నారు. టీ అంగడి ఆయన వచ్చాడు, బెండకాయలామె వచ్చింది. ఉచ్చీరమ్మ కాలు చాపింది, ముడుచుకుంది, పక్కకు జరిగింది. మొదటి రంగం ఆమె చెవికి ఎక్కలేదు.

ప్రమీల గరిటె పట్టుకొని వేదిక అంచుకు వచ్చింది. ఇట్లాంటి మొగుడు నాకొక్కదానికే అనుకుంటిరా అంది. జనం మీదుగా ఆ చివరి నుంచి ఈ చివరికి కళ్ళు తిప్పి, ఊపిరి పీల్చుకొని, పేరెత్తడానికి నోరు తెరిచింది.

పేరు బయటికి రాకముందే ఉచ్చీరమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది.

ప్రమీల ఎవరి పేరెత్తబోయిందో ఆస్పరిలో ఎవరికీ తెలియదు. జనం అప్పటికే నవ్వుతున్నారు.