బోణీ పూట కొన్న వంపు కత్తి

మా అమ్మాయి అడవుల చదువు చదువుతోంది. ఆ చదువేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మాది పాల వ్యాపారం. లాల్ దర్వాజా దగ్గర మూడు తరాలుగా ఉంటున్నాం. బర్రెల్ని ఊరి బయటికి పంపేసి చాలా ఏళ్లయింది, పాలూ పెరుగూ అమ్మే దుకాణం మాత్రం మిగిలింది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల, ఎండాకాలం సెలవుల్లో పది రోజులు నల్లమల అడవిలో ఉండి, నిప్పు రాజేసుకోవడం, గుడారం కట్టుకోవడం, దారి తప్పితే బతికి బయటపడడం నేర్చుకుంటానంది. మా ఆయన "పోనియ్యి" అన్నాడు. నాకు మాత్రం అన్నం సహించలేదు.

కాలేజీ వాళ్లు ఏమేం తెచ్చుకోవాలో ఒక కాగితం పంపారు. తాడు, టార్చి, ఈల, జ్వరం మాత్రలు. అన్నిటికంటే కింద, వెదురు నరకడానికీ తుప్పలు కొట్టడానికీ ఒక పెద్ద వంపు కత్తి, చేతికి సరిపోయేది చూసుకోవాలి అని ఉంది. ఆ చివరి ముక్క నేనే పైకి చదివి వినిపించాను.

"ఫోన్ల తెప్పించుకుంట తీయ్ అమ్మా" అంది అమ్మాయి.

"చేతిల పట్టి చూడకుంట కత్తి కొంటరానే? చిన్నప్పటి సంది గడ్డి కోసినదాన్ని. ఇనుము గురించి నాకు తెల్వదా?"

నిజంగానే తెలుసు. కొడవలి చేతిలోకి తీసుకుంటే అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలను. అదీగాక అడవికి దాని వెంట నేను వెళ్లలేను. నాకు బదులు వెళ్లేది ఆ కత్తే కాబట్టి అది నేనే ఏరాలనుకున్నాను. నా పట్టుదలంతా ఇంతే. ప్రయాణానికి ఇంకా మూడు రోజులుంది.

అయితే బక్రీద్ దగ్గర పడింది. పాతబస్తీలో ఆ రోజుల్లో కత్తుల దుకాణంలో అడుగు పెట్టడమే గగనం. పత్తర్‌గట్టిలో మొదటి దుకాణంలో పెళ్లికొడుకులు పట్టుకునే తళతళల కత్తులు చూపించారు. పిడి మీద ఎర్రరాళ్లు. "షోకేస్‌ల పెట్టుకుంటె మస్తుగుంటదమ్మా" అన్నాడు దుకాణం అతను. "ఎలుగుబంటి వస్తె గీ రాళ్లు చూపియ్యాల్నా?" అన్నాను. రెండో దుకాణంలో ఎముకలు కొట్టే బుగ్దాలు తప్ప ఇంకేమీ లేవు. "పండుగైనంక రాండ్రి" అన్నారు. మూడో అతను, ఆడవాళ్లకు ఇంత పెద్ద కత్తి దేనికి, ఇంట్లో ఏమైనా లొల్లా అని మెల్లగా ఆరా తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగో చోట దొరికినదానికి ప్లాస్టిక్ పిడి. చేత్తో బిగించి పట్టుకుంటే లోపల ఇనుము గిర్రున తిరిగింది. ఎండలో తిరిగి తిరిగి తలప్రాణం తోకకొచ్చింది. ఉత్త చేతులతో ఇంటికి వచ్చి, ఆ కాగితం పంపిన కాలేజీని తిట్టాను, అడవిని తిట్టాను, చివరికి టీలో చక్కెర తక్కువైందని మా ఆయన్ని తిట్టాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పత్తర్‌గట్టి వెనక సందులో ఒక ముసలి చాచా తనే కత్తులు చేసి, సాన పట్టి అమ్ముతాడని ఎవరో చెప్పారు. మేం వెళ్లేసరికి ఆయన షట్టర్ ఎత్తి గడప ముందు నీళ్లు చల్లుతున్నాడు. వంపు కత్తి అనగానే, ఎందుకని అడగకుండా లోపలినుంచి మూడు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆయన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మాయి ముందుకు వంగి ఎడమ చెయ్యి చాపింది. నేను దాని మణికట్టు మీద ఒక్కటిచ్చాను.

"బోణీ టైముల ఎడమ చెయ్యేందే?"

పొద్దున మొదటి బేరం. ఎడమ చేత్తో వస్తువు ముట్టుకుంటే మా దుకాణంలో నేనైతే ఒప్పుకోను. పెరుగు ప్యాకెట్ అయినా సరే, చెయ్యి మార్చుకొమ్మంటాను. అది చెయ్యి వెనక్కి తీసుకుని కుడి చేత్తో ఒక కత్తి ఎత్తి చూసి దింపింది. చాచా వెనక్కి తిరిగి నీళ్ల చెంబు పెట్టుకుంటున్నాడు, ఏమీ చూడలేదు.

మూడు కత్తుల్నీ నేనే ఆడించి చూశాను. మొదటిదానికి బరువంతా మొనలో ఉంది, మణికట్టును లాగుతుంది. రెండోదాని పిడి లావు. మూడోది చేతిలో కుదురుగా కూర్చుంది. టేకు పిడి, లోపలికి తిరిగిన వంపు, వెనకవైపు మందం.

"ఎట్లుందే?"

"మంచిగుంది" అంది.

గోనెపట్టాలో చుట్టించుకుని ఇంటికి తెచ్చాం. పని అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం, ఒకప్పుడు బర్రెలు కట్టేసిన పెరట్లో మా ఆయన రెండు వెదురు గడలు తెచ్చి పడేశాడు. అమ్మాయి కత్తి ఎడమ చేత్తో పట్టుకుని కొట్టింది. వెదురులోకి దిగకుండా కత్తి పక్కకు జారి, పిల్ల కాలి ముందు నుంచి పోయింది. మళ్లీ కొట్టింది, మళ్లీ జారింది.

"కత్తే జారుతుందమ్మా."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ఇటియ్యి" అని లాక్కుని ఒక్క దెబ్బ వేశాను. గడ రెండు ముక్కలైంది. "చూసినవా?"

అది మళ్లీ తీసుకుని ఈసారి కుడి చేత్తో కొట్టింది. ఆ చేతిలో దానికి బలం లేదు. మూడో దెబ్బకు కత్తి చేతిలోంచి ఎగిరి గోడకు తగిలింది. అప్పుడు నాలోని భయమంతా కోపమై బయటికొచ్చింది. "గీ చేతులతోనా అడవికి పోయేది? వద్దు. ఎక్కడికీ పోవద్దు. ఇంట్ల కూసో."

అది కత్తిని గోనెపట్టాలో చుట్టి, చెప్పులేసుకుని, "చాచాను అడిగొస్త" అని బయటికి నడిచింది. నేను కొంగు బిగించి గొణుక్కుంటూ దాని వెనకే పోయాను.

చాచా ముందు పండగ కత్తులు గుట్టగా పడి ఉన్నాయి. మా కత్తి తీసి అంచు మీద బొటనవేలు ఆడించాడు. "దీంట్ల లోపం లేదు" అన్నాడు. ఒక కట్టె మొద్దు జరిపి, "కొట్టు బేటా, చూస్త. ఏ చేత్తోని కొడతవ్?" అని అడిగాడు.

అమ్మాయి నా మొహంలోకి చూసింది.

దానికి ఇరవై ఏళ్లు. రేపో మాపో మేం లేకుండా అడవికి పోయే పిల్ల. తన చెయ్యి ఏదో చెప్పడానికి నా అనుమతి కోసం చూసింది.

దానికి నాలుగేళ్లప్పుడు ఎడమ చేత్తో తింటోందని మా అత్త రోజూ పోరు పెట్టేది. మొక్కై వంగనిది మానై వంగునా అని నాకూ అనిపించింది. అన్నం ముద్ద ఎడమ చేతిలో కనిపిస్తే గంటెతో ఆ చేతి మీద కొట్టేదాన్ని. ఆ చేత్తో బలపం పట్టినా కొట్టేదాన్ని. రెండేళ్లు పట్టింది. తినడం మారింది, రాయడం మారింది. మా పిల్లకు ఎడమచేతి వాటం మాన్పించానని చుట్టాల్లో గొప్పగా చెప్పుకున్నాను. బంతి విసిరేటప్పుడు, తలుపు నెట్టేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు అది ఏ చెయ్యి వాడుతోందో ఇన్నేళ్లలో నేనొక్కసారీ చూడలేదు.

"ఎడమ" అన్నాను నేనే.

చాచా తలాడించాడు. కత్తి తిప్పి చూపించాడు. పదునంతా ఒక పక్కనే ఉంది, రెండో పక్క చదునుగా ఉంది. "కుడి చేతి ధార ఇది. ఎడమ చేత్తోని కొడితే జారుతది, కాలు పోతది. పక్క మార్చి సాన పడత. పొద్దున్నే చెప్పేది ఉండె గదా బేటా?"

"అమ్మ ఉండె గదా చాచా" అంది.

అందులో నిష్ఠూరమేమీ లేదు. వాన పడుతుండె గదా అన్నట్టు అంది. అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపించింది, కానీ ఆ సందులో నిలబడడానికే చోటు లేదు.

పండగ పని పక్కన పెట్టి చాచా సాన చక్రం తిప్పాడు. నిప్పురవ్వలు లేచాయి. పాత పదును అరగదీసి, రెండో పక్క కొత్త పదును పెట్టడానికి చాలాసేపే పట్టింది. చివరికి నూనె గుడ్డతో తుడిచి, పిడి అమ్మాయి వైపు చేసి చాపాడు.

అది అలవాటుగా కుడి చెయ్యి చాపింది.

"ఎడమ చేత్తోని తీస్కో" అన్నాను. మెత్తగా అనాలనుకున్నాను, కసురుకున్నట్టే వచ్చింది. అది చాపిన చెయ్యి అలాగే ఉంచి, నిజంగానే అంటున్నానా అని మరోసారి నా మొహం చూసింది. ఆ తర్వాతే చెయ్యి మార్చింది.