అనంతరెడ్డి ముక్కులో గొట్టం

జఫర్‌గఢ్ అనంతరెడ్డికి ఎనభై నాలుగేళ్లు. కడుపులో గడ్డ ముదిరిందని తెలిసిన నాడే, "గొట్టాలు పెట్టియ్యకు, ఇంటికాడ్నే పోత" అని కొడుకు శ్రీపాల్‌తో చెప్పాడు. మెల్లగా అన్నం మానేశాడు. కోడలు తడిగుడ్డతో పెదాలు తుడిస్తే చాలు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఊరూరా తెలంగాణ దీక్షలు సాగుతున్న రోజులవి. పెద్దాయన రాష్ట్రం కోసమే పస్తులుంటున్నాడని ఎవరో అన్నారు. రాజకీయాల్లో తిరిగే శ్రీపాల్ కాదనలేదు. జనం వచ్చి పెద్దాయన మెడలో దండలు వేశారు. నీరసించాక, ఆ దండలతోనే ముసలాయన్ని జనగామలో ఒక దవాఖానలో చేర్చి, ముక్కులో గొట్టం వేయించారు.

"రాష్ట్రం కోసం గాదు బిడ్డా, ఇగ నాకు సాలు."

"జర ఓపిక పట్టు బాపూ, ఊరంతా నీ దిక్కే సూస్తున్నది."

గొట్టం పీకేయాలని అనంతరెడ్డి చెయ్యి పైకెత్తాడు. తలుపు దగ్గర గుమిగూడినవాళ్లు దాన్ని పిడికిలి అనుకుని, "జై తెలంగాణ" అని అరిచారు. శ్రీపాల్ ఆ చేతిని గాలిలోనే పట్టుకుని, ఫొటో తీయడం అయ్యేదాకా దించనివ్వలేదు.